సేంద్రియ తోటలో ఏం పొయ్యొచ్చు, ఎవరు ఒప్పుకోవాలి: తిరుపతిలో రైతుల మీటింగ్‌లో మాట్లాడింది

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న అన్నలు కొంచెం ముందుకి రండి, మైకు సరిగా వినపడట్లేదంటున్నారు. పాకాల, పుత్తూరు, బంగారుపాళ్యం, పెనుమూరు దిక్కు నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చినారు, కాబట్టి నేరుగా విషయానికి వచ్చేస్తా.

మూడేళ్ల కింద నాకొక ఫోన్ వచ్చింది. ఆరెకరాల బెంగళూరా మామిడి తోట ఆయనది, సేంద్రియంలోకి మారి రెండున్నరేళ్లయింది, ఇంకో ఆరు నెలలు గడిస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది. పూత టైములో తేనెమంచు పురుగు పడింది. కొమ్మ కదిపితే చాలు టపటపా శబ్దం వస్తుంది చూడండి, అంత పురుగు. పూతంతా మాడిపోతుందని భయపడి టౌనుకి పోయి షాపులో అడిగితే, "అన్నా నువ్వు ఆర్గానిక్ కదా, నీకోసమే ఇది" అని ఒక పచ్చ సీసా ఇచ్చినాడంట. సీసా మీద ఆకు బొమ్మ, కింద నూటికి నూరు శాతం ఆర్గానిక్ అని రాసుంది. పొద్దున కొట్టినాడు, సాయంత్రానికి పురుగంతా రాలిపోయింది. ఆ సంతోషంలో నాకు ఫోన్ చేసినాడు, "అన్నా ఏం మందన్నా అది, అందరికీ చెప్పు" అని. ఆయన సంతోషంగా చెప్తావుంటే నాకు గుండెలో రాయి పడినట్టయింది, ఎందుకంటే నేను పదకొండేళ్లు సర్టిఫికేషన్ ఇన్‌స్పెక్టర్‌గా తోటలు తిరిగినోణ్ణి, ఆకులు అలములు నానేసి చేసిన మందు ఏదీ అట్ల పొద్దున కొడితే సాయంత్రానికి రాల్చదు. ఆకుల శాంపిల్ ల్యాబుకి పంపిస్తే ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు తేలింది. సీసా మీద మాత్రం "మొక్కల సారాలు" అని ఒక్క ముక్క, అంతే.

ఆ ఆరెకరాలకీ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క మొదలైంది. "నేను చేసిన తప్పేముందన్నా, వాడు రాసిందే కదా నేను నమ్మింది" అన్నాడాయన. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఈరోజు నేనిక్కడ నిలబడింది ఆ మాట కోసమే. మందు పొయ్యకముందు ఏం అడగాల, ఎవరిని అడగాల, ఒక సరుకుని సేంద్రియంలో వాడొచ్చు అని ఒప్పుకోవడం అసలెట్ల జరుగుతుంది, అది చెప్తా.

ముందు ఒక చిక్కు విప్పుదాం. ఏ సరుకైనా రెండు గుమ్మాలు దాటి రావాలి, ఈ రెండూ వేరే వేరే, మనోళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు, షాపోళ్ళు కూడా అట్లనే చెప్తారు.

మొదటి గుమ్మం సర్కారుది, అంటే దేశంలో దాన్ని అమ్ముకోవచ్చా లేదా అనేది. ఎరువైతే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, ఎఫ్‌సీవో అంటాం కదా, దాని కిందికి వస్తుంది. సేంద్రియ ఎరువులు, జీవన ఎరువులు దాంట్లోకి 2006 లో వచ్చినాయి, బయోస్టిమ్యులెంట్లు, అంటే మొక్క పెరుగుదలకి ఊతమిచ్చే సరుకులు, 2021 లో వచ్చినాయి. పురుగుమందు, తెగులు మందు అయితే 1968 ఇన్సెక్టిసైడ్స్ చట్టం, దాని కింద సెంట్రల్ ఇన్సెక్టిసైడ్స్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాల. వేపమందు, ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బవేరియా లాంటి సూక్ష్మజీవుల మందులు, ఇవన్నీ ప్రకృతివే కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మేదానికి లేదు, పురుగుకో తెగులుకో అని అమ్మితే నంబరు ఉండాల్సిందే. మన రాష్ట్రంలో "బయోలు" అని ఊరూరా అమ్మే సీసాల్లో చాలావాటికి ఈ మొదటి గుమ్మం కూడా దాటిన గుర్తు ఉండదు, అందుకే సీసా చేతికి రాగానే ముందు నంబరు ఎక్కడుందా అని చూడండి.

రెండో గుమ్మం సేంద్రియానిది. సర్కారు అమ్ముకోమన్నంత మాత్రాన సేంద్రియ తోటలో పొయ్యొచ్చు అని కాదు. ఎఫ్‌సీవోలో "ఆర్గానిక్ ఎరువు" అనే మాట ఉంది చూడండి, దానికి అర్థం అది పశువుల నుంచో చెట్ల నుంచో వచ్చిన ఎరువు అని, దాంట్లో ఇంత కర్బనం, ఇంత నత్రజని ఉండాల అని. అది సరుకు రకం పేరు, అంతే. ఊర్ల చెత్తతో చేసిన సిటీ కంపోస్టు కూడా ఎఫ్‌సీవో లెక్కలో ఆర్గానిక్ ఎరువే. ఆ చెత్తలో బ్యాటరీ ముక్కలు పడినాయో, ప్లాస్టిక్ పడిందో, ఎక్కడ్నుంచి వచ్చిందో సర్టిఫికేషన్ వాళ్ళు అడగకుండా వదలరు. భార లోహాలకి ఎఫ్‌సీవోలోనూ హద్దుంది, కేజీకి కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు అని. అయినా అది మొదటి గుమ్మం లెక్క, రెండో గుమ్మం దగ్గర మళ్ళీ మొదట్నుంచి అడుగుతారు.

ఈ రెండో గుమ్మం దగ్గర కూర్చునేది ఎవరంటే, మన దేశంలో 2001 నుంచి ఎన్‌పీఓపీ, అంటే సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమం, అని ఒక పద్ధతి ఉంది, కేంద్ర వాణిజ్య శాఖ కింద ఎగుమతులు చూసే అపెడా అనే సంస్థ నడిపిస్తుంది, దాని నియమాలు మారుతా వచ్చి 2025 జనవరిలో ఎనిమిదో కూర్పు వచ్చింది. ఆ నియమాల ప్రకారం తోటలు చూసి సర్టిఫికెట్ ఇచ్చేవి సర్టిఫికేషన్ సంస్థలు. మీ తోటకి ఏ సంస్థ సర్టిఫికెట్ ఇస్తుందో, మీరు కొనే సీసాకి కూడా వాళ్ళు ఒప్పుకోవాల. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. పక్కింటాయనకి వేరే సంస్థ ఒప్పుకుంది అంటే మీకు చెల్లుతుంది అని కాదు, మీ వాళ్ళని అడగాల్సిందే.

ఇంక ఒప్పుకోవడం ఎట్ల జరుగుతుందో చెప్తా, ఇదే అసలు విషయం, దీన్ని కొంచెం నిదానంగా చెప్తా.

కంపెనీ వాడు అప్లికేషన్ పెడతాడు. దాంతో పాటు ఏమేం ఇవ్వాలంటే మొత్తం ఫార్ములా ఇవ్వాల. మొత్తం అంటే మొత్తమే. లేబుల్ మీద రాసేది పనిచేసే పదార్థం ఒక్కటే, వేపమందైతే "అజాడిరక్టిన్ 1500 పీపీఎం" అని. కానీ సీసాలో అదొక్కటే ఉండదు కదా. వేపనూనె నీళ్ళల్లో కలవాలంటే కలిపే మందు కావాల, చెడిపోకుండా ఉండాలంటే నిల్వ మందు కావాల, వేప గింజ నుంచి సారం తియ్యాలంటే ఏదో ద్రావకం కావాల. ఇవి లేబుల్ మీద ఉండవు, సీసాలో ఉంటాయి. సేంద్రియంలో ఒక సరుకు ఫెయిలయ్యేది చాలాసార్లు పనిచేసే పదార్థం వల్ల కాదు, ఈ కనపడని వాటి వల్ల. నేను చూసిన ఫైళ్ళల్లో నాకు తలనొప్పి తెచ్చింది ఎప్పుడూ ఇవే.

ఉదాహరణకి పైరిత్రమ్ తీసుకోండి. చామంతి జాతి పువ్వు నుంచి తీస్తారు, నిజంగానే మొక్క మందు, పురుగు పడిపోతుంది. కానీ పడిన పురుగు కొన్నిసార్లు మళ్ళీ లేస్తుంది. లేవకుండా ఉండాలని కొంతమంది దాంట్లో పైపెరోనిల్ బ్యుటాక్సైడ్ అని ఇంకోటి కలుపుతారు. ఈ రెండోది ఫ్యాక్టరీలో చేసిన రసాయనం. అది కలిస్తే ఆ సీసా సేంద్రియానికి పనికిరాదు. పువ్వు అదే, పేరు అదే, కలిపింది మారింది, మనకి తెలిసేదెట్లా? ఫార్ములా చూసినవాడికే తెలుస్తుంది.

తర్వాత తయారీ పద్ధతి అడుగుతారు. ఎట్ల తీసినారు, నీళ్ళతోనా, వేడితోనా, పులియబెట్టా, క్షారం పోసా, ఆమ్లం పోసా. సముద్రపు నాచు ద్రావణం మీరంతా వాడుంటారు. నాచు సముద్రంలోదే, దాంట్లో గొడవ లేదు. కానీ దాన్ని కరిగించేదానికి క్షారం పోస్తారు. అమెరికా నియమాల్లో ఏముందంటే, నాచు సారం తియ్యడానికి ఎంత క్షారం అవసరమో అంతే పోసుకోవచ్చు, దానికి మించి పొటాషియం ఎక్కువ చూపించాలని పోస్తే ఒప్పుకోరు. చేపల ద్రావణం కూడా అంతే, చెడిపోకుండా ఆమ్లం పోస్తారు, పీహెచ్ 3.5 కి దిగేంతవరకే పొయ్యొచ్చు, ఆపైన పోస్తే ఫాస్ఫరస్ కోసం పోసినట్టు. అంటే ఒకే పదార్థం, పోసిన కొలతని బట్టి ఒకసారి ఒప్పు, ఒకసారి తప్పు. అందుకే "నాచు మందు ఒప్పుకుంటారా సార్" అని మీరడిగితే నేను అవుననీ చెప్పలేను కాదనీ చెప్పలేను. ఏ కంపెనీది, ఏ సీసా, అది చెప్తేనే జవాబు ఉంటుంది. అప్రూవల్ అనేది ఆ ఒక్క సరుక్కి ఇస్తారు, ఆ రకం మొత్తానికి కాదు, కంపెనీ మొత్తానికి అంతకన్నా కాదు.

ఇంకా ఏం అడుగుతారంటే జన్యుమార్పిడి. సూక్ష్మజీవుల మందైతే ఆ సూక్ష్మజీవి ఎక్కడిది, దాన్ని దేని మీద పెంచినారు, జన్యుమార్పిడి కాదని కాయితం. నూనె తీసినాక మిగిలే చెక్కలైతే ఏ గింజ చెక్క. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి 2002 లో అనుమతి ఇచ్చినారు, ఇప్పుడు పండే పత్తిలో చాలావరకు అదే. పత్తి గింజ చెక్క ఎరువుగా వేస్తాను అంటే వాళ్ళు ఎందుకు ఆగి అడుగుతారో అర్థమైంది కదా. మనకి వేపపిండి ఉంది, కానుగపిండి ఉంది, వాటితో సరిపెట్టుకుంటే ఆ తలనొప్పే లేదు.

ల్యాబు రిపోర్టులు తీసుకుంటారు, పురుగుమందుల అవశేషాలు, భార లోహాలు, ఎరువైతే నత్రజని లెక్క. జీవన ఎరువైతే ప్రాణమున్న సూక్ష్మజీవుల లెక్క, ఎఫ్‌సీవో ప్రకారం పొడిలో గ్రాముకి 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకి 10 కోట్లు ఉండాల. ఫ్యాక్టరీకి పోయి చూస్తారు. అక్కడే రసాయన మందులు కూడా చేస్తుంటే ఒకే ట్యాంకులో చేస్తున్నారా, కడుగుతున్నారా, రిజిస్టర్ల ప్రకారం ఎంత ముడిసరుకు వచ్చింది ఎంత సీసా బయటికి పోయింది, అన్నీ కలిసి రావాల. అన్నీ సరిపోతే అప్రూవల్ ఇస్తారు, దానికి గడువుంటుంది, గడువు అయిపోతే మళ్ళీ తెచ్చుకోవాల. కాబట్టి షాపోడు చూపించే జిరాక్సు కాయితం మీద తేదీ చూడండి, మూడేళ్ల నాటి కాయితం చూపించి అమ్మేవాళ్ళని నేను చూసినా.

కొత్త పదార్థం ఏదైనా వస్తే, అంటే పాత జాబితాలో లేనిది వస్తే, దాన్ని బేరీజు వేసేదానికి కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. అసలు ఇది అవసరమా, దీనికి బదులు ఇంకేమీ లేదా. ఎక్కడ్నుంచి తీసినారు, ఎట్ల చేసినారు. నేలలో కరిగిపోతుందా, పోగుపడుతుందా. తేనెటీగకి, చేపకి, వానపాముకి ఏమవుతుంది. మనిషికి ఏమవుతుంది. నాకు వీటిల్లో మొదటిది చాలా ఇష్టం. అవసరమా అని అడగడం. రసాయన సేద్యంలో మందు అమ్మేవాడు ఆ ప్రశ్న అడగనివ్వడు.

ఇదంతా చేసినా మోసం జరగదా అంటే జరుగుతుంది, అమెరికాలోనే జరిగింది. అక్కడ ఒమ్రి అని ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంది, 1997 లో పెట్టినారు, ఒరెగాన్ రాష్ట్రంలో ఉంది, వాళ్ళ పని సరుకుల ఫార్ములా చూసి సేంద్రియ నియమాలకి సరిపోతే జాబితాలో పెట్టడం. ప్రపంచమంతా ఆ జాబితా చూస్తారు. కాలిఫోర్నియాలో ఒక ద్రవ ఎరువు అట్లనే జాబితాలోకి ఎక్కింది, చేపల వ్యర్థాలతో చేస్తున్నాం అని కాయితాల మీద రాసినారు, సేంద్రియ రైతులు ఏళ్ల తరబడి పోసుకున్నారు. తీరా చూస్తే దాంట్లో అమ్మోనియం లవణాలు కలిపి అమ్ముతున్నారు. కేసు నడిచింది, కంపెనీ నడిపినాయనకి 2012 లో శిక్ష పడింది. అంతకుముందే, మోసం బయటపడినాక 2009 లో అమెరికా వ్యవసాయ శాఖ ఒక నియమం పెట్టింది, ద్రవ ఎరువులో నత్రజని 3 శాతం దాటితే కాయితాలు చూసి వదలకూడదు, మూడో మనిషి పోయి ఫ్యాక్టరీ చూసి రావాల అని.

ఆ 3 శాతం లెక్క మనకి కూడా పనికొస్తుంది. వర్మీకంపోస్టులో నత్రజని 1 శాతం ఉంటే ఎఫ్‌సీవో లెక్కకి సరిపోతుంది, యూరియాలో 46 శాతం. పేడ నుంచో ఆకు నుంచో వచ్చే నత్రజని నిదానంగా వస్తుంది, నేలలో సూక్ష్మజీవులు తిని అరిగించి ఇవ్వాల. "సేంద్రియ ద్రావణం పోస్తే రెండు రోజుల్లో కయ్య అంతా కరుపచ్చగా అయిపోయింది" అంటే సంతోషపడకండి, ఆ సీసా పక్కన పెట్టి నాకో, మీ గ్రూపు లీడరుకో ఫోన్ చెయ్యండి.

సరే, ఇదంతా కొనే సరుకు గురించి. మనింట్లో మనం చేసుకునేవాటికి ఇంత గొడవ లేదు, జీవామృతానికి ఎవరూ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్‌కి రారు. ఎకరాకి 200 లీటర్ల నీళ్ళు, 10 కేజీల పేడ, ఆవు పంచితం 5 నుంచి 10 లీటర్లు, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు, ప్రకృతి వ్యవసాయం వాళ్ళు ఊరూరా నేర్పించినారు. మనకి ఉలవపిండి ఉంది, ఇంట్లో పంచితం ఉంది. నేనడిగేది బెల్లం గురించి. మన చిత్తూరు జిల్లా బెల్లమే కదా అని వేస్తాం. బెల్లం తెల్లగా రావాలని కొంతమంది గానుగల దగ్గర హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు, ఆ సంగతి ఇక్కడ బెల్లం ఒండే అన్నలకి తెలుసు. ఆ తెల్లబెల్లం తెచ్చి జీవామృతంలో వెయ్యొద్దు, నల్లగా ఉండే బెల్లం, మందు వెయ్యకుండా వండింది అడిగి తెచ్చుకోండి, తెచ్చిన గానుగ పేరు రాసి పెట్టుకోండి.

ఇంకోటి చెప్పాల, ఇది చెప్తే కొంతమందికి నచ్చదు. అగ్నిఅస్త్రం. వేపాకు, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి, పొగాకు, పంచితంలో ఉడకేస్తాం. మన ఊర్లో అమ్ముకునే పంటకి మన వాళ్ళు వాడుతున్నారు, మంచిదే. కానీ అమెరికా సేంద్రియ నియమాలున్నాయి చూడండి, వాటిల్లో ఒక పెద్ద సూత్రం ఉంది. ప్రకృతిలో దొరికింది అంతా వాడొచ్చు, వద్దని రాసింది తప్ప. ఫ్యాక్టరీలో చేసింది ఏదీ వాడకూడదు, పర్లేదని రాసింది తప్ప. ఆ వద్దని రాసిన ప్రకృతి పదార్థాల జాబితాలో ఆర్సెనిక్ ఉంది, స్ట్రిక్నిన్ ఉంది, వాటి పక్కనే పొగాకు పొడి ఉంది. నికోటిన్ విషం కాబట్టి. కాబట్టి మీ మామిడి పల్ప్ అమెరికాకి పోయే సర్టిఫికెట్ కింద ఉంటే పొగాకు వేసిన కషాయం కొట్టకూడదు, పొగాకు తీసేసి చేసుకోండి. 2021 లో అమెరికా మన ఎన్‌పీఓపీతో పాత ఒప్పందం ఆపేసింది, ఇప్పుడు అక్కడికి పోయే సరుక్కి వాళ్ళ నియమాల ప్రకారం నేరుగా సర్టిఫికెట్ కావాల. అందుకే "మనకి ఒప్పుకున్నారు కదా" అనే మాట సరిపోదు, సరుకు ఎక్కడికి పోతుందో దాన్ని బట్టి నియమం మారుతుంది. ప్రకృతిలో దొరికింది కాబట్టి మంచిది అనుకోవడం పొరపాటే, ఉమ్మెత్త కూడా ప్రకృతే.

(ఒక రైతు: సార్, కోళ్ల ఎరువు గురించి చెప్పండి, లారీలు వస్తాయి కదా.)

ఆ, అదే చెప్పబోతున్నా అన్నా. మన జిల్లాలో కోళ్ల ఫారాలు ఎన్నున్నాయో మీకు తెలుసు, తోలుతున్నారు, రేటు కూడా తక్కువ, మొక్కలు బాగా వస్తాయి. కానీ ఎన్‌పీఓపీలో పెద్ద ఫ్యాక్టరీ లాంటి ఫారాల్లో బోనుల్లో పెంచిన కోళ్ల ఎరువుకి ఒప్పుకోరు. వాటికి వేసే మేతలో మందులుంటాయి, ఈగలకి కొట్టే మందులుంటాయి, అవన్నీ ఆ లారీలోనే మన కయ్యలోకి వస్తాయి. ఇంటి దగ్గర పది నాటుకోళ్ళు తిరిగే దొడ్లో ఊడ్చింది వేరు, అది మనదే. బయట నుంచి ఏ ఎరువు తెచ్చినా, దిబ్బెరువైనా సరే, ఎవరి కొట్టం నుంచి వచ్చింది, ఎన్ని ట్రాక్టర్లు, ఏ తేదీ, రాసి పెట్టండి, సర్టిఫికేషన్ వాళ్ళకి ముందే చెప్పండి.

పచ్చి పేడకి కూడా ఒక లెక్క ఉంది, మనకి అచ్చంగా సరిపోయే లెక్క. అమెరికా నియమం ప్రకారం కుళ్ళని పచ్చి ఎరువు వేస్తే, తినే భాగం నేలకి తగిలే పంటైతే కోతకి 120 రోజుల ముందే వేసి ఉండాల, తగలకపోతే 90 రోజులు. అంటే మన శెనక్కాయకి 120, మామిడికి 90. శెనక్కాయ పంటే నాలుగు నెలలు, కాబట్టి పచ్చి పేడ వెయ్యాలంటే విత్తనం వేసేదానికి ముందే దుక్కిలో వేసెయ్యాల, తర్వాత వేస్తే లెక్క తప్పినట్టే. కంపోస్టు చేసి వేసుకుంటే ఈ రోజుల లెక్క లేదు, కానీ కంపోస్టు అంటే కుప్ప పోసి వదిలెయ్యడం కాదు. వరసగా పోసిన కుప్పలో 55 నుంచి 77 డిగ్రీల వేడి 15 రోజులు ఉండాల, ఆ 15 రోజుల్లో ఐదుసార్లు తిరగెయ్యాల. ఆ వేడికి కలుపు గింజలు చస్తాయి, రోగం తెచ్చే పురుగులు చస్తాయి. కుప్పలో గునపం గుచ్చి పది నిమిషాలుంచి తీసి పట్టుకుంటే చెయ్యి నిలవదు, మా నాయన అట్లనే చూసేవాడు, ఇప్పుడు థర్మామీటరుతో చూసి తేదీ రాయమంటున్నారు, అంతే తేడా.

ఇంక మామిడి విషయానికి వస్తా, ఇక్కడ సగం మంది మామిడే కదా.

కల్టార్. పేరు చెప్పగానే అందరూ నవ్వుతున్నారు, కానీ దీని గురించి గట్టిగానే చెప్పాల. పాక్లోబ్యుట్రజాల్ అనే మందు అది, మొదలు చుట్టూ నేలలో పోస్తే చెట్టు పెరుగుదల ఆగి పూత వస్తుంది. అది ఫ్యాక్టరీలో చేసిన రసాయనం, సేంద్రియంలో ఎక్కడా ఒప్పుకోరు. పైగా నేలలో చాలాకాలం ఉండిపోతుంది. మీరు పొయ్యలేదు, సరే. కానీ తోట గుత్తకి ఇచ్చినారా? మన దగ్గర పూత రాకముందే తోట గుత్తకి ఇచ్చేస్తాం, గుత్తదారు వచ్చి వాడికి కావాల్సింది వాడు పోసుకుంటాడు, వాడికి ఆ సంవత్సరం కాయ కావాల, మీకు మూడేళ్ల సర్టిఫికెట్ కావాల. నేను ఇన్‌స్పెక్షన్‌కి పోయినప్పుడు రైతుని "ఏం పోసినారు" అని అడిగితే "ఏమీ పొయ్యలేదు సార్" అని నిజాయితీగా చెప్తాడు, చెట్టు మొదట్లో గుండ్రంగా తవ్విన గాడి కనపడుతుంది, అది పోసింది గుత్తదారు. ఆ రైతు ముఖం చూడలేకపోయినా. కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్న తోట గుత్తకి ఇస్తే అగ్రిమెంట్‌లోనే రాసుకోండి, నా అనుమతి లేకుండా నేల మీద గానీ చెట్టు మీద గానీ ఏదీ పొయ్యకూడదు అని, కుదిరితే మందు కొట్టే పని మీ చేతిలోనే పెట్టుకోండి.

బూడిద తెగులుకి నీళ్ళల్లో కరిగే గంధకం వాడుకోవచ్చు, కానీ అది "పరిమితం" అనే జాబితాలో ఉంటుంది. పరిమితం అంటే ఇష్టమొచ్చినట్టు కొట్టమని కాదు, తెగులు కనపడింది, వేరే దారి పనిచెయ్యలేదు, అందుకు కొట్టినాను అని మీ డైరీలో ఉండాల, సర్టిఫికేషన్ వాళ్ళు ముందే ఒప్పుకోని ఉండాల. రాగి మందులు, బోర్డో మిశ్రమం కూడా అంతే. రాగి నేలలో పోగుపడుతుంది, ఎక్కడికీ పోదు, వానపాములకి మంచిది కాదు. యూరప్ వాళ్ళు దానికి హెక్టారుకి ఏడేళ్లలో 28 కేజీల రాగి అని గీత గీసినారు, సగటున ఏడాదికి 4 కేజీలు. తేనెమంచు పురుగుకి పూత రాకముందు నుంచే వేప గింజల కషాయం, కొమ్మలు కత్తిరించి గాలి వెలుతురు వచ్చేట్టు చెయ్యడం, ఇవే నేను చెప్పగలిగేది. మొదట్లో చెప్పిన ఆ అన్న తోటలో అసలు కత్తిరింపే లేదు, లోపల చీకటిగా ఉండేది, పురుగుకి అది ఇల్లు.

(ఒక మహిళ: మేము సంఘంలో పది మందిమి కషాయాలు చేసి షాపు పెట్టి అమ్ముతున్నాం సార్, మాకూ అప్రూవల్ కావాలా?)

మంచి ప్రశ్న అక్కా. మీ ఊర్లో రైతులకి చేసి ఇస్తున్నారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ మీ దగ్గర కొనేవాళ్ళల్లో ఎవరైనా ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ తోట వాళ్ళు ఉంటే వాళ్ళకి అది బయట కొన్న సరుకే. వాళ్ళ సంస్థని ముందే అడగమని చెప్పండి, మీరు ఏ రోజు ఏమేం వేసి ఎన్ని లీటర్లు చేసినారు, బెల్లం ఎక్కడిది, పొగాకు వేసినారా లేదా, ఎవరికి ఎన్ని లీటర్లు ఇచ్చినారు, ఒక రిజిస్టరు పెట్టండి. మీ రిజిస్టరు సక్కగా ఉంటే వాళ్ళకి ఒప్పించుకోవడం సులువు. కొన్ని పెద్ద కంపెనీల కంటే మీరు నిజాయితీగా చేస్తారు, నేను చూసినా, ఆ నిజాయితీ కాయితం మీద కూడా కనపడాల, అంతే.

(ఒక యువకుడు: పీజీఎస్‌లో ఉంటే ఇదంతా అవసరం లేదంటున్నారు కదా సార్?)

పీజీఎస్ అంటే ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది రైతులు గ్రూపుగా చేరి ఒకరి తోట ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పద్ధతి, కేంద్ర వ్యవసాయ శాఖది. మన దేశంలో అమ్ముకునేదానికి బాగుంటుంది, ఖర్చు తక్కువ. కానీ వద్దన్న మందులు అక్కడా వద్దు. తేడా ఏందంటే అక్కడ మీ సీసా చూసేది మీ పక్క తోటాయన. ఆయనకి లేబుల్ చదవడం రాకపోతే హామీకి అర్థం లేదు కదా, అందుకే పీజీఎస్ గ్రూపుల వాళ్ళు ఇంకా ఎక్కువ నేర్చుకోవాలంటాను నేను. తిరుమల కొండ మీద స్వామివారి నైవేద్యానికి గో ఆధారిత వ్యవసాయంలో పండించిన బియ్యం పప్పులు తీసుకోవడం 2021 లో మొదలుపెట్టినారు, దానికి ఇచ్చిన రైతులు మన మధ్యలో కూడా ఉండొచ్చు. ఆ మూట మీద మనం పెట్టే మాట ఎంత బరువైందో నేను చెప్పక్కర్లేదు.

(అదే యువకుడు: అప్రూవల్ ఉన్న మందు అయితే బాగా పనిచేస్తుందని నమ్మొచ్చా?)

నమ్మకూడదు. ఇది చాలామంది కలిపేసుకుంటారు. వాడొచ్చు అని ఒప్పుకోవడం అంటే దాంట్లో వద్దన్నది ఏదీ లేదు అని, అంతవరకే. పురుగు చస్తుందా, దిగుబడి పెరుగుతుందా, ఆ పరీక్ష వాళ్ళు చెయ్యరు, అమెరికా ఒమ్రి వాళ్ళైనా అంతే. పనిచేస్తుందా అనేది మన తిరుపతి పరిశోధనా స్థానం వాళ్ళని అడగండి, లేదంటే నాలుగు చెట్లకి కొట్టి నాలుగు చెట్లకి కొట్టకుండా చూసుకోండి, తోటంతా ఒకేసారి కొట్టొద్దు.

ఇప్పుడు మాటలు చాలు. రమ్మన్నప్పుడే చెప్పినాం కదా, ఇంట్లో ఉండే సీసాలు, సంచులు, డబ్బాలు తెమ్మని. తెచ్చినవాళ్ళు ఈ బల్ల మీద పెట్టండి, పేర్లు అక్కర్లేదు, ఎవర్నీ ఏమీ అనం. ఒక్కో లేబుల్ తీసుకొని చదువుదాం, రిజిస్ట్రేషన్ నంబరుందా, ఎవరు ఒప్పుకున్నారని రాసుంది, తేదీ ఎప్పటిది, ఏం రాసినారు, ఏం రాయలేదు. ఆ పచ్చ సీసా ఎవరిదన్నా, అది ముందు ఇట్ల ఇవ్వండి.